కీ తిప్పే మనిషి

"నువ్వు కూర్చుని కీ తిప్పు చాలు. ఆపమన్నప్పుడు ఆపు," అన్నారు మా ఆయన, బానెట్ ఎత్తుతూ.

కూర్చున్నాను. పెళ్లయినప్పటి నుంచి ఏ బండి మొరాయించినా నా చోటు ఇదే. ఎత్తిన బానెట్ తప్ప ఎదురుగా ఏమీ కనబడదు. దాని వెనక మా ఆయన, ఆయన పక్కన పాత ఇనుము వ్యాపారి. బండి మా నాన్నది, నాకిచ్చి పోయాడు. నాన్న పోయి నెలయినా కాలేదు. స్టార్టయితే బండిగానే కొంటాడట వ్యాపారి, లేకపోతే తూకానికి తీసుకుని ముక్కలు కోస్తాడట. "ఏదో ఒకటి చేసుకోండి, వాకిట్లో అడ్డం పోతే చాలు," అన్నారు మా ఆయన, నన్నొక్క మాట అడక్కుండా.

తిప్పాను. ఇంజను గరగరమంది కానీ అంటుకోలేదు. "ఆపు!" ఆపాను. ప్లగ్గులు మార్చారు, కాయిల్ తీగ మార్చారు. ప్లగ్గు దగ్గర పెట్రోలు అంటించే మెరుపే రావడం లేదని విసుక్కుంటున్నారు.

"నిన్న డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు గరుకు కాగితంతో రుద్దారు కదండీ, మధ్యలో పొడి మిగిలి మెరుపుకి అడ్డం పడుతోందేమో," అన్నాను.

"కూరలో ఉప్పు చూసినంత తేలిక కాదే ఇది!"

వ్యాపారి నవ్వాడు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. ఈ ఇంట్లో అదొకటి బాగా వంటబట్టింది నాకు.

నా చిన్నప్పుడు ఈ బండి బాగుచేసేటప్పుడు, మెరుపు చూడటానికి నాన్న షెడ్డు తలుపు మూసి చీకటి చేసేవాడు. ప్లగ్గు నా చేతికిచ్చి, తనే వెళ్లి కీ తిప్పేవాడు. "రంగేంటే తల్లీ?" అని అరిచేవాడు. నీలం అంటే, మెరుపు గట్టిగా ఉందని ఎంత మురిసిపోయేవాడో! రుద్దిన పాయింట్ల మధ్య తెల్ల కాగితం పెట్టి లాగడం ఆయన నేర్పిందే. గుడ్డ పెడితే పోగులు మిగులుతాయని తిట్టేవాడు కూడా. అలాంటి నాన్న, నా సంబంధం మాట్లాడుకునే రోజు పొద్దున్నే నా చేతులు పట్టుకుని, గోళ్లలో నలుపు పోయేదాకా సబ్బుతో తోమాడు. "మా అమ్మాయికి ఇంటిపని తప్ప ఇంకేమీ రాదండీ," అన్నాడు పెళ్లివాళ్లతో. "అంతకన్నా ఏం కావాలి?" అంది మా అత్తగారు. నాన్న నా వైపు చూడలేదు. పోయేదాకా ఆ మాట మేమిద్దరం ఎత్తలేదు. నాన్నా, అంత మాట ఎలా అనగలిగావు? ఇప్పుడు అడుగుదామన్నా నువ్వు లేవు.

"తూకానికే రాయండి," అన్నారు మా ఆయన బయట.

దిగాను. డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. పాత క్యాలెండర్‌లోంచి తెల్లటి ముక్క చింపి, పాయింట్ల మధ్య పెట్టి లాగాను. నల్లగా వచ్చింది. తెల్లగా వచ్చేదాకా లాగాను. మూత బిగించి, ఒక ప్లగ్గు తీసి ఇంజనుకు ఆనించి పట్టుకున్నాను.

"మీరు కూర్చుని కీ తిప్పండి."

"నేనా?"

"తిప్పండి సార్, పోయేదేముంది?" అన్నాడు వ్యాపారి.

తిప్పారు. నీలం! చెప్పడానికి నోరు తెరిచాను. రంగు అడిగేవాడు లేడు. కళ్లనీళ్లు ఇంజను మీద పడుతున్నా తుడుచుకోలేదు. "ఆపండి," అన్నాను. ఆపారు. ప్లగ్గు బిగించి, ఆయన్ని లేపి, నేను కూర్చున్నాను. ఒక్క తిప్పుకే బండి అంటుకుంది. నాన్న దగ్గినట్టే దగ్గి, నిలకడగా తిరిగింది.

"నిన్న పాయింట్లు నేనే రుద్దానులెండి," అంటున్నారు మా ఆయన వ్యాపారితో. "ఇంక ఆపి దిగు, ఆయన నడిపి చూసుకుంటాడు."

నా చెయ్యి కీ మీదికి పోలేదు.

"బండి అమ్మడం లేదు," అన్నాను.

"అమ్మక? రేపు మళ్లీ ఆగిపోతే ఎవరు చూస్తారు?"

నాన్న ఆ రోజు అనాల్సిన మాట, నేనే అన్నాను.

"నాకు వచ్చు. మా నాన్న నేర్పాడు."