పూసిన నాడు తవ్విన దుంప

నేను ఒక కొండకలువను. పేరులో కలువ ఉన్నా చెరువుతో నాకు పని లేదు. నాది అడవి నేల, వెదురు పొదల పక్కన, మద్దిచెట్ల కింద. బతుకు మొదలుపెట్టిన నాటికి నా చేతిలో ఉన్నది ఇంతే: బొటనవేలంత దుంపముక్క, దాని మీద మొలక లేచే కన్ను ఒకటి, వేరుకు వేలాడే రెండు చిన్న గడ్డలు. గింజ నుంచి పుట్టలేదు, మా జాతికి గింజ కట్టడం బహు అరుదు. మా అమ్మను తవ్వినప్పుడు విరిగిన ముక్కను నేను.

ఆ తవ్విన మనుషుల గురించి ముందు న్యాయంగా చెప్పాలి, తర్వాత ఎలాగూ తిట్టబోతున్నాను. పాలగెడ్డ గూడెం కొండరెడ్లకు ఒక పద్ధతి ఉండేది. చలికాలంలో మా ఆకు పండి నేల మీద వాలిపోయాక, ఆ ఎండుటాకు గుర్తుతో తవ్వేవారు. వాపులకూ బెణుకులకూ నూరి కట్టుకోవడానికి గడ్డలు కోసుకునేవారు. కన్నున్న ముక్కను మాత్రం అదే గుంటలో పెట్టి, మట్టి కప్పి, మడమతో ఒక్క నొక్కు నొక్కి వెళ్ళేవారు. దాన్ని నేను దయ అనుకోలేదు, ఒప్పందం అనుకున్నాను. గడ్డ నీకు, కన్ను నాకు. అలాంటి ఒప్పందం మీద తరాల తరబడి వ్యాపారం నడుస్తుంది.

నా వ్యాపారం ఎలా నడుస్తుందో కూడా చెబుతాను. తెలియనివాడు నన్ను ముంచినందుకే కదా ఈ కోపమంతా.

తొలకరి పడగానే ఆకు తీస్తాను. చుట్టిన చాపలా నిటారుగా లేచి మెల్లగా విప్పుకుంటుంది. పైన ముదురు పచ్చ మీద వెండి మరకలు, కింద వంకాయ రంగు. చూసినవాళ్ళు సింగారం అనుకుంటారు. ఆకు మీద సింగారానికి ఖర్చుపెట్టే రకాన్ని కాను. వానాకాలంలో పైన చెట్లన్నీ కొమ్మలు కలిపేసి నాకు చిల్లర వెలుగు మాత్రం వదులుతాయి. ఆ చిల్లరతో బతకడానికి నేర్చిన ఆకు అది. అది వండినదంతా వేళ్ళ వెంట కిందికి దింపి గడ్డల్లో పిండిగా దాస్తాను. దారానికి గుచ్చిన పూసల్లా ఆ గడ్డలు మట్టిలో వేలాడుతుంటాయి. మార్గశిరానికి అవి నిండుతాయి. ఆకు పండిపోతుంది. నేను పడుకుంటాను.

అది సంపాదన. ఇక ఖర్చు. ఫాల్గుణం ముగిసే వేళకు చెట్లు బోడివవుతాయి, గడ్డి మాడిపోతుంది, అడవి నేల మీదికి ఎండ నేరుగా దిగుతుంది. అప్పుడు, ఒక్క ఆకు లేకుండా, కాడ పైకి చూపకుండా, మట్టిని చీల్చుకుని పువ్వు తీస్తాను. తెల్లని రేకులు, పెదవిలా వేలాడే ఊదారంగు రేకు, దూరం నుంచే తెలిసే వాసన. పొద్దున విచ్చినది సాయంత్రానికి వాడుతుంది, మర్నాడు దాని పక్కనే ఇంకొకటి. ఇంకేమీ లేని నేల మీద తేనెటీగకు నేనొక్కదాన్నే కనిపిస్తాను కదా అని నా ఎత్తు. ఆ పూలన్నీ దాచిన పిండితోనే. కొత్త రాబడి అప్పుడు చిటికెడు కూడా ఉండదు. తేనెటీగ వస్తుంది, తాగుతుంది, పోతుంది. గింజ కట్టదు. శుద్ధ దండగ అని నేనే ఒప్పుకుంటాను. తాతల నాటి మర్యాద, మానలేము. మనుషులు పెళ్ళిళ్ళలో బాణసంచా కాల్చడం లేదా?

పూలయ్యాక గడ్డల్లో మిగిలేది అడుగుబొడుగు. దానితోనే తొలకరి దాకా ప్రాణం నిలబెట్టుకోవాలి, దానితోనే కొత్త ఆకు తీయాలి. ఆకు వచ్చిందా, మళ్ళీ అంగడి తెరిచినట్టే. రాలేదా, వంశం ముగిసినట్టే. కాబట్టి చైత్రంలో నన్ను కదిలించకూడదు. ఇంత చిన్న మాట.

ఆ చైత్రంలోనే కదిలించారు.

వచ్చింది సోమాలమ్మ, గూడెం మనిషే. పక్కన ఆమె తోడికోడలు ముత్తెమ్మ. సంతలో వేర్లూ దుంపలూ కొనే నూకరాజు అనే మైదానం షావుకారు, పట్నంలో మందుల తయారీకి పచ్చి గడ్డలు కావాలనీ, ఇప్పుడే కావాలనీ, ఎన్ని తెచ్చినా తీసుకుంటాననీ చెప్పాడట.

"పూసినప్పుడు తవ్వకూడదంటారు గదక్కా," అంది ముత్తెమ్మ.

"మరెప్పుడు తవ్వుతావే? పువ్వు పోయిందంటే ఇది ఏడుందో నీ మొగుడు సెప్తాడా?"

"ఆడి సెప్పులు ఏడున్నాయో ఆడికే తెలీదు."

ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే గునపం దిగింది. తేనెటీగ కోసం నేను కట్టిన తెల్ల బోర్డును చూసుకుని సరిగ్గా నా నెత్తి మీద పొడిచారు. నన్నూ, నా పక్కవాళ్ళనూ, ఆ కొండవాలులో పూసిన ప్రతి ఒక్కదాన్నీ.

"కన్ను ఇరిచి గుంటలో పెట్టెయ్యక్కా," అంది ముత్తెమ్మ.

"బరువంతా కన్ను కాడే ఉంది. పోయినేడు వానకి నా పొయ్యిలో కప్పలు తిరిగినయ్యి. ఈ ఏడు ఇంటికి రేకులు ఎయ్యాల్సిందే."

"కన్ను లేపోతే మళ్ళీ ఏడు ఏం తవ్వుతావక్కా?"

"మళ్ళీ ఏడు సంగతి మళ్ళీ ఏడు. సంచి పట్టు."

ఆమె బాధ నాకు అర్థం కాకపోలేదు. వానలోపు ఆమెకు ఇంటి మీద కప్పు కావాలి. వానలోపు నాకు ఒంటి మీద మట్టి కావాలి. ఎవరి అవసరం పెద్దదో తేల్చే పెద్దమనిషి అక్కడ ఎవరూ లేరు. గునపం మాత్రం ఆమె చేతిలో ఉంది. గోనెసంచిలో ఒకరి మీద ఒకరం పడి, వేడికి వేళ్ళు వడిలిపోతుంటే సంతకు చేరాం.

నూకరాజు కాటా పక్కన కూర్చుని ఉన్నాడు. సంచిలో చెయ్యి పెట్టి ఒక గడ్డ తీసి గోటితో నొక్కాడు. గోరు లోపలికి పోయింది, నీళ్ళు కారాయి. ఇంకొకటి విరిచాడు. తడి పీచు. నూకరాజు మొహం మాడిపోయింది.

"ఏంటమ్మా ఇది? ఉడకబెట్టి పిండుకుని తెచ్చావా?"

"ఉడకబెట్టడానికి నాకేం పని సావుకారూ? సైత్రంలో తెమ్మన్నావు, సైత్రంలో ఇలాగే ఉంటాది."

"ఆ ముక్క ముందే ఏడవొద్దా?"

"నువ్వు అడిగితే గదా! ఒట్టిపోయిన గేదె కాడికి సెంబట్టుకుని ఎల్తావా నువ్వు? ఈటికీ ఓ అదును ఉంటాది."

"నాకు పాఠాలు చెప్పకు. తీసుకుపో ఈ చెత్త."

"తెచ్చిన కూలైనా ఇయ్యి."

"కూలా? నేనిచ్చిన సంచి మురిగిపోయింది, దానికి నువ్వే ఇవ్వాలి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సోమాలమ్మ సంచిని అక్కడే బోర్లించి, "నీ కాటా ఇరగ! పదవే ముత్తే," అంటూ వెనక్కి చూడకుండా పోయింది. నూకరాజు మమ్మల్ని కాలితో సంత వెనక పెంటకుప్ప మీదికి తోశాడు.

నాలాంటి వ్యాపారికి దీన్ని మించిన అవమానం ఉందా? నిండుగా ఉన్న కొట్టును దోచుకుంటే దొంగకైనా లాభం ఉండేది. వీళ్ళు సరుకంతా అమ్ముడైపోయిన మర్నాడు వచ్చి, ఖాళీ కొట్టును పునాదులతో పెకలించి, లోపల ఏమీ లేదని కొట్టు యజమానినే తన్నారు! షావుకారునని చెప్పుకునేవాడికి సరుకు ధర తెలిస్తే చాలా? ఎప్పుడు నిండుతుందో, ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియక్కర్లేదా? ఇక ఆమె. ఆమెకు తెలుసు. తెలిసీ చేసింది. తెలియనివాడి మీద ఒక వంతు కోపమైతే ఆమె మీద రెండు వంతులు నాకు.

పెంట మీద కోడీకలు, కుళ్ళిన టమాటాలు, టీ కప్పులు, పేడ. వైశాఖపు ఎండకు నా పక్కవాళ్ళు ఒక్కొక్కరే ముడుచుకుపోయారు. కొందరిని పందులు నమిలాయి. నేను పేడ అడుగుకు జారాను కాబట్టి బతికాను. ఉన్న అడుగుబొడుగులో సగం ఆ ఎండే తాగేసింది. మిగిలినదాన్ని కదలకుండా పట్టుకుని, కన్ను మూసుకుని పడుకున్నాను.

తొలకరి పడింది. ఆకు తీశాను. మా అడవి ఆకులో సగం కూడా లేదు. నీడ అలవాటైన ఒళ్ళు, పెంట మీద ఎండకు అంచులు కాలిపోయాయి. అయినా వండటం మొదలుపెట్టింది.

ఇప్పుడు శ్రావణం. సంతలో నూకరాజు గొంతు వినిపిస్తూనే ఉంది: "కొండకలువ గడ్డ పుష్యంలో తెండి, బాగా ఊరినవే తెండి!" ఈసారి సరైన అదునే చెబుతున్నాడు. కాకపోతే ఆ వాలులో తవ్వడానికి ఒక్క కన్ను మిగల్లేదు. సోమాలమ్మ సంతకు వస్తూనే ఉంది, నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని. ఇంటి మీద ఇంకా తాటాకేనట. ముత్తెమ్మ ఒకసారి నా దగ్గర ఆగి వంగి చూసింది. ఏమనుకుందో ఏమో, కాలితో నాలుగు చెత్తాకులు నా మీదికి తోసి వెళ్ళిపోయింది.

లాభాలు చెబుతాను. షావుకారుకు సున్న. సోమాలమ్మకు సున్న. పట్నానికి మందు లేదు, వాలుకు పూలు లేవు. నాకు కొత్త వేరు చివర బియ్యపుగింజంత గడ్డ ఒకటి ఊరింది. దానితో పువ్వు తీయడం కుదరదు. కుదిరినా తీయను. వచ్చే చైత్రంలో నేనెక్కడున్నానో ఎవరికీ తెలియదు.