మైకాయన ఇచ్చిన మాట

ఐదేళ్లు ఉండాల్సిన పార్లమెంటును ప్రధాని రెండేళ్లకే రద్దు చేసేశాడు. ఇప్పుడైతే గెలుపు ఖాయమని ఎవరో చెవిలో ఊదారట. ఆ రోజే ఎంపీ మనుషులు ఊళ్లో మైకు ప్రచారానికి పేరున్న మైకాయనను పట్టుకుని, వ్యానూ గొంతూ రెండూ మాకేనన్నారు. ఆయన సరేనన్నాడు. వచ్చిన బేరాన్ని ఎవరు కాదంటారు!

మర్నాటికి కథ అడ్డం తిరిగింది. ఇంత హడావుడిలో అభ్యర్థి దొరక్క, అవతలి పార్టీవాళ్లు ఆయన ఇంటికే వచ్చి భార్యను నిలబడమన్నారు. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. సగం ఊరికి సూది గుచ్చిన చెయ్యి. ఆవిడా సరేనంది.

"నేను వాళ్లకి మాటిచ్చేశానే!" అని తల పట్టుకున్నాడు మైకాయన.

"ఇచ్చారుగా, నిలబెట్టుకోండి. నా పాట్లు నేను పడతాను."

"నీ మాట వంటింట్లోంచి హాల్లోకే వినపడదు. సభలో ఏం మాట్లాడతావే?"

ఆవిడ నవ్వి తన పనిలో పడింది. ఆయన బెంగంతా అదే. ఓడిపోతే పోయింది, నలుగురిలో నవ్వులపాలు కాకూడదు. నిద్రపోయే రోగుల మధ్య తిరిగి తిరిగి గొంతు తగ్గించడమే అలవాటైన మనిషి.

ప్రచారం ఆఖరి సాయంత్రం మార్కెట్ కూడలిలో ఆవిడ సభ. ఊళ్లో మైకులన్నీ ఎంపీ మనుషులే ఎత్తుకుపోయారు. ఆవిడ ఉత్త చేతులతో బల్లెక్కింది. సరిగ్గా అప్పుడే, రాజధాని నుంచి దిగిన ఎంపీ అనుచరుడొకడు మైకాయన వ్యానును అక్కడికి తోలించాడు.

"పాట పెట్టు. ఫుల్ సౌండు! ఆవిడ మాట ఒక్కటి కూడా వినపడకూడదు."

మైకాయనకు ఒళ్లు మండింది. వ్యానులో చిన్నగా మోగుతున్న పాటను కూడా కట్టేశాడు.

"మీవాడికి ఓటెయ్యమని చెప్తానన్నాను. గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. ఇంకొకళ్ల నోరు నొక్కుతానని మాత్రం మాటివ్వలేదు."

కూడలి సద్దుమణిగింది. అప్పుడు వినపడింది ఆవిడ గొంతు. మంచానికి ఇద్దరేసి పడుకున్న బాలింతల గురించి, బయట కొనుక్కోమని రాసిచ్చే మందుల గురించి, తడబాటు లేకుండా, చివరి కూరగాయల కొట్టుదాకా స్పష్టంగా. ఎన్నో గొంతులు విన్న చెవి ఆయనది. ఇన్నేళ్లూ ఇంట్లో ఉన్న గొంతును పోల్చుకోలేకపోయినందుకు సిగ్గేసింది. ఆ వెంటనే గర్వంతో ఛాతీ ఉప్పొంగింది.

"అసలావిడ నీకేమవుతుందయ్యా, ఇంత వెనకేసుకొస్తున్నావ్?" అని కసిరాడు అనుచరుడు.

మైకాయన మైకు ఎప్పుడు చేతిలోకి తీసుకున్నాడో ఆయనకే తెలియదు. జవాబు చెప్పబోతుంటే అలవాటుగా బొటనవేలు స్విచ్ నొక్కేసింది.

"మా ఆవిడ!"

కూడలంతా మోగిపోయింది. జనం గొల్లుమన్నారు. ఆవిడ వ్యాను వైపు చెయ్యి చూపించి జనంతో అంది.

"విన్నారుగా. పెళ్లాం పోటీలో ఉన్నా, అవతలివాళ్లకిచ్చిన మాట తప్పని మనిషి ఆయన. మీకిచ్చిన మాట నేనూ అలాగే నిలబెట్టుకుంటాను. నన్ను పంపించండి."

పంపించారు. ఫలితాలొచ్చిన రోజు అదే వ్యాను మీద ఆవిడను ఊరేగించారు. నాలుగు మాటలు చెబుదామని మైకు అందుకున్నాడు గానీ, ఇవాళ మాట్లాడాల్సింది ఆవిడేననిపించింది మైకాయనకు. కళ్లు తుడుచుకుని, మైకు భార్య చేతికివ్వబోయాడు.

ఆవిడ దాన్ని పక్కకు నెట్టేసి, జనం వైపు తిరిగింది.

"నాకెందుకండీ అది!"