మొదటి కుట్టు

బొంతలక్క ఎడమ చెయ్యి పడిపోయి రెండేళ్లయింది. పడిపోయింది అంటే ఆమె ఒప్పుకోదు, "పని మానేసి కూర్చుంది" అంటుంది. ఆ జబ్బు చేసినప్పుడు కాలూ మూతీ కూడా వంకర పోయాయి కానీ, అవి మందులకూ వ్యాయామానికీ లొంగి మళ్లీ దారిలో పడ్డాయి. చెయ్యి మాత్రం మొండికేసింది. భుజం దగ్గర కదులుతుంది, పట్టుపడితే బల్ల మీదికీ వస్తుంది, అక్కడికొచ్చాక వేళ్లు దేన్నీ పట్టుకోవు. ముప్పై ఏళ్లు చేత్తో బొంతలు కుట్టి, ఆ పేరే అసలు పేరైపోయిన మనిషికి సూది పట్టే చెయ్యి మిగిలి, గుడ్డ పట్టే చెయ్యి పోయింది.

అందుకే ఆవేళ బొంతలక్కా, ఆమె చెల్లెలూ కుట్టుమిషన్ల దుకాణానికి బయల్దేరారు. చెల్లెలిది పోస్టాఫీసు కౌంటర్లో ఉద్యోగం. పగలంతా ఊళ్లోవాళ్లకు జవాబులు చెప్పి చెప్పి అలవాటైపోయిందేమో, అక్కకు జబ్బు చేసినప్పటి నుంచీ అక్క నోటికి కూడా తనే వకాల్తా పుచ్చుకుంది. మంచి మనిషే. ప్రేమ ఎక్కువైనప్పుడు ఎదుటివాళ్లకు ఊపిరాడదని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వాళ్లతోపాటు ఒక మూట కూడా వచ్చింది. రెండేళ్ల కిందట లెక్కల టీచరమ్మ, చనిపోయిన తన భర్త చొక్కాలు పదకొండు తెచ్చి, బొంత కుట్టి పెట్టమని ఇచ్చింది. అక్క వాటిని కోసి, ముక్కలు కలిపి, మధ్యలో దూది, అడుగున పాత దుప్పటి పరిచి గుండుసూదులు గుచ్చేసరికి చెయ్యి పని మానేసింది. టీచరమ్మ నోరు తెరిచి అడగలేదు గానీ, వీధిలో కనబడ్డప్పుడల్లా అక్క తలదించుకునేది. చివరికి చెల్లెలు ఒక ఒప్పందం చేసింది. మిషన్ కుదిరితే మూట మళ్లీ ఇంటికి. కుదరకపోతే నేరుగా పక్క వీధి టైలరమ్మ దగ్గరికి.

అక్క సరేనంది. అంది గానీ, ఆ మూట చెయ్యి దాటితే తన పని కూడా దాంతోపాటే వెళ్లిపోతుందని ఆమెకు తెలుసు. తర్వాత ఎవరూ ఇంకో మూట తీసుకురారు. ఆ భయంతోనే కిందటి వారమంతా కూర్చుని, తుప్పు పట్టిన గుండుసూదులు తీసి కొత్తవి గుచ్చింది. ఒంటి చేత్తో నాలుగు రోజులు పట్టింది. ఎందుకమ్మా ఈ అవస్థ, ఎలాగూ టైలరమ్మ చూసుకుంటుందిగా అని చెల్లెలు మొత్తుకుంది. అక్క పెడచెవిన పెట్టింది.

బొంతలు కుట్టేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. మూడు పొరలనూ కలిపి ఒకరు మొదటి కుట్టు వేశాక, ఆ బొంతను ఇంకొకరు ముట్టుకోరు. ఒకరి బిగువు ఇంకొకరికి రాదు, బొంత ఒక పక్కకు గుంజుకుపోతుంది. ఈ సంగతి అక్క చెప్పగా చెప్పగా చెల్లెలికి కంఠతా వచ్చింది.

దుకాణం యజమాని వాళ్లను చూడగానే విషయం కనిపెట్టేశాడు. కనిపెట్టి, చెల్లెలి వైపు తిరిగాడు.

"అమ్మగారికి ఏ చెయ్యండీ?"

"ఎడమదండీ, పక్షవాతం," అంది చెల్లెలు.

"అమ్మగారు ఇక్కడే ఉన్నారు. చెవులు రెండూ పనిచేస్తున్నాయి," అంది అక్క.

అతను నాలుక కరుచుకుని, పూలబుట్టంత చిన్న మిషన్ ఒకటి బల్ల మీద పెట్టాడు. తేలిక, బటన్ నొక్కితే చాలు, దారం దానంతటదే సూదిలోకెక్కుతుంది అంటూ దాని గొప్పలన్నీ ఏకరువు పెట్టాడు. జేబురుమాలంత పల్చటి గుడ్డ మీద ఆకులూ పువ్వులూ కుట్టి చూపించాడు. చెల్లెలి మొహం వెలిగిపోయింది.

అక్క సంచీలోంచి తను తెచ్చుకున్న గుడ్డ తీసింది. అడుగూ దూదీ పైగుడ్డా కలిసిన మందపాటి ముక్క. దాన్ని సూది కింద పెట్టి కుడి చేత్తో లాగితే, గుడ్డతోపాటు మిషన్ కూడా జరుగుతూ బల్ల అంచుకొచ్చింది.

"గుడ్డను పట్టుకోనా, దీన్ని పట్టుకోనా? నాకున్నది ఒకటే," అంది. "గుడ్డను అదిమే పాదం ఎత్తాలంటే మీట ఎక్కడుంది? వెనకాల. అందుకోవాలంటే గుడ్డ వదిలేయాలి."

"దారం అదే ఎక్కించుకుంటుందండీ," అన్నాడు యజమాని మళ్లీ.

"దారం రోజుకు నాలుగుసార్లు ఎక్కించాలండీ. పాదం నాలుగొందల సార్లు ఎత్తాలి."

ఇంకో రెండు మిషన్లు వచ్చాయి, వెళ్లాయి. మూట చేతిలో సర్దుకుంటూ చెల్లెలు గుమ్మం వైపు చూడటం మొదలుపెట్టింది. అక్క అది చూసింది. తొణక్కుండా దుకాణమంతా ఒకసారి కలయజూసింది.

వెనక గదిలో ఆ దుకాణం టైలరు మాస్టారు గుమ్మాల తెరలు కుడుతున్నాడు. నల్లటి పాత మిషన్, బరువైన బల్ల. మూల తిరిగిన ప్రతిసారీ పాదం లేస్తోంది, మళ్లీ దిగుతోంది. ఆయన చేతులు రెండూ గుడ్డ మీదే ఉన్నాయి. అక్క ఆయన దగ్గరికెళ్లి వంగి బల్ల కింద చూసింది.

"అక్కా, ఏం చూస్తున్నావే?"

"మాస్టారి మోకాలు."

చెల్లెలికి తల కొట్టేసినట్టయింది. మాస్టారు మాత్రం నవ్వి, మోకాలి పక్కనున్న ఇనప మీటను చూపించాడు. మోకాలితో తోస్తే పాదం లేస్తుంది.

"ఒక్క నిమిషం లేస్తారా?" అంది అక్క.

"అది ఫ్యాక్టరీలవాళ్లు వాడేదండీ," యజమాని కంగారుపడ్డాడు. "బల్లతో కలిపి ఇద్దరు మోయాలి."

"నేను దాన్ని ఎత్తుకుని ఊరేగుతానా?"

అక్క ఆయన చోట కూర్చుని, తన మందపాటి ముక్కను సూది కింద పెట్టి, గుడ్డ జారకుండా ఉండటానికి తెచ్చుకున్న వంటింటి రబ్బరు తొడుగు సంచీలోంచి తీసి, చెల్లెలి చేత ఎడమ చేతికి వేయించుకుంది. ఆ చేతిని కుడి చేత్తో ఎత్తి గుడ్డ మీద పడేసింది. రెండేళ్లుగా ఇంటిల్లిపాదీ బరువు, బరువు అన్న చెయ్యి రాయిలా కూర్చుంది. గుడ్డ పక్కకు కదల్లేదు. మొదటి వరుస పాములా పోయింది. రెండోది కొంచెం బుద్ధి తెచ్చుకుంది. మూడోది తిన్నగా వచ్చింది.

"ఇలాంటిదే కొత్తది ఉందా?"

"గోడౌన్‌లో ఉందండీ," యజమాని నీళ్లు నమిలాడు.

"తొందరేముంది," అంది చెల్లెలు. "ఇంకో రెండు షాపులు చూద్దాం. ఈలోపు టీచరమ్మది మాత్రం ఇచ్చేద్దాం, పాపం ఆవిడెంతకాలమని..."

"మూట విప్పు."

"ఇంకో ట్రయలా?"

"ఊ."

బొంత బల్ల నిండా పరుచుకుంది. నీలం గళ్లు, తెల్ల చారలు, ఒక చోట జేబు అలాగే ఉంది. అక్క ఒక సగాన్ని చుట్టగా చుట్టి, సరిగ్గా మధ్య భాగాన్ని సూది కింద పెట్టింది. మాస్టారు గుండుసూదులు చూసి ముందుకొచ్చాడు.

"అమ్మా, ఇది అసలుదిలా ఉందే?"

"అసలుదే," అని అక్క తొక్కింది.

కుట్టు జేబు అంచు దాటి, గళ్ల మీదుగా, చారల మీదికి జానెడు పోయింది. ఒక్కచోట కొంచెం అటు తూలింది. అక్క ఆగి చూసుకుంది. ముప్పై ఏళ్లలో వంకర కుట్టు విప్పకుండా వదల్లేదు. దీన్ని విప్పలేదు.

చెల్లెలు ఆ వరుసను వేలితో తడిమింది.

"ఇక టైలరమ్మ దీన్ని ముట్టుకోదు."

"ముట్టుకోదు."

"కావాలనే చేశావు."

"మరేమనుకున్నావు?"

యజమాని అలవాటు కొద్దీ చెల్లెలి వైపే తిరిగాడు. "మరేం చేద్దామంటారు మేడమ్?"

చెల్లెలు నోరు తెరిచింది. అక్క అప్పటికే మోకాలితో మీట తోసి, పాదం లేపి, గుడ్డ తిప్పుతోంది. బొంత చివర బల్ల మీంచి జారి కిందికి వేలాడుతోంది.

"పట్టుకోవే, లాగేస్తోంది," అంది అక్క.

చెల్లెలు తెరిచిన నోరు మూసి, బొంత రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.