ఎస్తేరు ఉత్తరం మీద పడ్డ ముద్ర

కోదండపాణి గారూ, ఎస్తేరు గొంతు కోసింది మీరే. కత్తితో కాదు, నాతో. పక్కన కూర్చుని టీ తాగుతూ ఊరుకున్న ప్రొఫెసర్లకు కూడా ఇందులో వాటా ఉంది. పెద్దమనుషులమని తప్పుకుంటామంటే కుదరదు. నేను అక్కడే ఉన్నాను, అంతా చూశాను.

నేను ఒక రబ్బరు ముద్రను. పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా, జిరాక్సు కొట్ల వరసలో ఒక ఇరుకు కొట్లో పుట్టాను. పిల్లల వైద్య విభాగానికి అధిపతి డాక్టర్ కోదండపాణి అని నా ఒంటి మీద తిరగేసి చెక్కారు. నన్ను చూస్తే తలకిందులు, కాగితం మీద పడితే సవ్యం. నా యజమాని నాకు సరిగ్గా ఎదురు. చూడ్డానికి ఎంతో సవ్యంగా ఉంటాడు, కాగితం మీదికొచ్చేసరికి తిరగబడతాడు.

నన్ను చేయించుకుంది ఆయన. దాచేది గుమాస్తా భూషణం. చుట్టూ తిరిగేది పీజీలు, అంటే ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్లు పిల్లల వైద్యం నేర్చుకోవడానికి వచ్చిన డాక్టర్లు. ఆరు నెలలకోసారి ప్రొఫెసరు వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, పనిలో మంచీచెడూ చెప్పి మార్కులు వేయాలని రూలు. రూలు గోడ మీద ఉండేది. మార్కులు మాత్రం తనిఖీ వాళ్లు వస్తున్నారని కబురు తెలిశాక, ఒక్క మధ్యాహ్నంలో అందరికీ కలిపి పడేవి. భూషణం పేర్లు చదువుతుంటే సారు ఫోను చూసుకుంటూ చెప్పేవారు.

"అందరికీ ఎనిమిదేసి వేసెయ్."

"ప్రణీత్ బాబు వార్డుకు రావట్లేదు కదండీ."

"వాళ్ల నాన్న నా బ్యాచేనోయ్. తొమ్మిది వెయ్యి."

మూడో ఏడు పీజీ ఎస్తేరుకు ఎనిమిదే. ఆమెది కందుకూరు వైపు. పసిపిల్లల ఐసీయూలో సూది గుచ్చడానికి దారప్పోగంత నరం ఎవరికీ దొరక్కపోతే ఎస్తేరును పిలిచేవాళ్లు. వాళ్ల వైపు నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఇక్కడిదాకా చేరేలోపే దారిలో పోతుంటారు. బెంగళూరులో పసిపిల్లల ఐసీయూ ఫెలోషిప్ అనే పైశిక్షణ చేసి, తిరిగొచ్చి కందుకూరులోనే అలాంటి వార్డు పెట్టాలన్నది ఆమె పట్టుదల. దానికి మార్కులు చాలవు, విభాగాధిపతి సిఫారసు ఉత్తరం కావాలి.

ఉత్తరానికీ మాకొక పద్ధతి ఉంది. ఎవరి ఉత్తరం వాళ్లే రాసుకు తేవాలి. "ఈ అమ్మాయిని నేను మూడేళ్లుగా ఎరుగుదును" అని ఆ అమ్మాయే రాసుకోవాలి. సారు సంతకం గీకుతారు, నేను పడతాను. ఎస్తేరుకు మంచి రాత ఉందని విభాగమంతా ఆమె మీదే పడేది. ఒకరోజు ప్రణీత్ కూడా వచ్చాడు.

"అక్కా, నాకూ ఒకటి గీకి పెట్టవా. నువ్వు రాస్తే సీటు ఖాయమంట."

"ఏం రాయమంటావురా? వార్డులో కనబడితే గదా రాసేది."

"నువ్వు చేసిందేదో నా పేరున పెట్టు. నీకేం తరుగుద్ది?"

ఎస్తేరు నవ్వింది. నవ్వుతూనే రాసింది. కిలో బరువు కూడా లేని పిల్లకు అంబులెన్సులోనే ఊపిరి గొట్టం వేసి బతికించాడని రాసింది. ఆ గొట్టం వేసింది ఎస్తేరు. వాడికి తమాషాకు ఇచ్చేసింది. ఇలాంటి పిచ్చిపని వార్డులో చచ్చేంత చాకిరీ చేసేవాళ్లే చేస్తారు. చేసిన పని ఎక్కడికి పోతుందిలే, సారు చూస్తున్నారుగా అనుకుంటారు.

తన వంతు వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. తనను తాను పొగుడుకోవడం చేతకాక ఖాళీ కాగితంతో సారు గదికి వచ్చింది.

"నీకు నేనే రాస్తానమ్మా. మా విభాగం బిడ్డవి నువ్వు."

ఎవరికీ దక్కని మర్యాద అది. బిరియాని పెట్టించమని తోటివాళ్లు పట్టుకుంటే పెట్టించింది కూడా.

మర్నాడు, పక్కన మిగతా ప్రొఫెసర్లు టీ తాగుతుండగా, సారు రాశారు. డాక్టర్ ఎస్తేరు విధేయురాలు, వేళకు వస్తుంది, సొంతంగా నిర్ణయాలు తీసుకోవడానికి ఇంకా పెద్దల పర్యవేక్షణ అవసరం. భూషణం నన్ను ఇంకులో అద్ది ఆగిపోయాడు.

"ఈ అమ్మాయి గురించేనాండీ?"

"దీన్ని పంపిస్తే రేపట్నుంచి ఐసీయూ నువ్వు చూస్తావా? పీజీ అయ్యాక ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉద్యోగంలో పడుంటది. కొట్టు."

కొట్టాడు. కవరు అంటించాడు. పనికిరానిదని కాదు, పనికొచ్చేదని ఆమె కాళ్లు విరగ్గొట్టారు. పగబట్టి చేసినా అర్థముండేది.

ప్రణీతుకు సీటొచ్చింది. ఎస్తేరు రాసిన మాటలు వాణ్ని బెంగళూరు చేర్చాయి. ఎస్తేరును వెయిటింగులో పెట్టారు. కారణమేంటని ఫోను చేస్తే, మీ సారే ఇలా రాశారమ్మా అని అక్కడి డాక్టరు చదివి వినిపించింది. ఎస్తేరు సరాసరి గదిలోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకు పర్యవేక్షణ కావాలని రాశారంట సార్."

"నీ మంచికేనమ్మా. ఇక్కడ మహారాణివి. అక్కడ పదిమందిలో ఒకదానివి."

"పోయిన వారం ఐసీయూ నా మీద వదిలేసి పెళ్లికి పోయారు. అప్పుడు నన్నెవరు పర్యవేక్షించారు?"

"మాటలు బానే నేర్చావే."

"మూడేళ్లు అందరికీ మీ మాటలు నేనే రాశాను సార్. మీరు సొంతంగా రాసింది ఇదొక్కటే."

ఆయన ఏసీ రిమోటు అందుకున్నారు. ఆమె వెళ్లిపోయింది.

తర్వాత సారు ప్రిన్సిపాలయ్యారు. కొత్త హోదాకు కొత్త ముద్ర వచ్చింది. నన్ను సొరుగులోకి, ఎండిపోయిన ఇంకు ప్యాడు పక్కకు తోశారు. తోయనీ, నాకు ఏడుపు లేదు. మనుషుల సంగతి నాకిక్కడే బాగా తెలిసింది. మేలు జరిగితే సారు దయ అంటారు, కీడు జరిగితే ఆఫీసులో ముద్ర పడిపోయిందండీ అంటారు. నాకు చెయ్యి లేదు. మీకుంది.

నిన్న ఎస్తేరు భూషణంతో అంటుంటే విన్నాను. బెంగళూరులో ఒక సీటు ఖాళీ అయిందట. కొత్త ఉత్తరం వస్తే చూస్తామన్నారట, శుక్రవారం దాకా. సారును ఇంకోసారి అడగనని కూడా అంది. కాబట్టి నేనడుగుతున్నాను.

కోదండపాణి గారూ, ఆ అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టండి. మొదటి ఉత్తరం అబద్ధమని, వార్డులో చాకిరీకి మనిషి పోతుందనే అలా రాశానని కొత్త ఉత్తరంలో రాయండి. అంబులెన్సులో గొట్టం వేసిందెవరో అదీ రాయండి, ప్రణీతుకు కోపమొస్తే రానివ్వండి. రాసింది ఆమె ముందు పైకి చదవండి. మిగతా ప్రొఫెసర్లూ, మీరు కూడా పీజీల మొహం చూడకుండా ఒక్క మార్కూ వేయకండి. పీజీలూ, మీ ఉత్తరాలు మీరు రాసుకోవడం ఇవాళే ఆపండి. మూడేళ్లు మీ చాకిరీ చూసినవాడే కూర్చుని రాయాలి, రాసింది మీకు చూపించాలి.

ఇవాళ బుధవారం. పెన్ను తీయండి సార్.