కుళాయి దగ్గర బండ

మా అత్త నోరు మూతపడిందంటే నాకు భయం. సర్వే వాళ్లొచ్చి మా గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టి పోయినప్పటి నుంచి ఆవిడ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంది.

ఆ గుర్తు అంటే ఏమిటో వీధిలో అందరికీ తెలుసు. మాది అభయారణ్యాన్ని ఆనుకుని ఉన్న చివరి ఇల్లు. అడవి పొడుగునా అంకెలు చెక్కిన హద్దురాళ్లు ఉంటాయి. రాయికి ఇవతల మనుషులు, అవతల జంతువులు. ఎన్నాళ్లుగానో కనబడని ఒక రాయిని వెతుకుతూ సర్వే వాళ్లు మా ఇంటి ముందు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కున్నారు. మేం బట్టలుతికే బండ అంచున ఏదో చెక్కినట్టు కనిపిస్తే తిరగేశారు. అడుగున అంకె! ఇంకేముంది, బండకు వెనకున్న మా ఇల్లు కాస్తా అడవిలోకి పోయింది. ఖాళీ చెయ్యాలన్నారు. బస్సు కూడా పోని చోట వేరే ఇల్లిస్తారట. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేది ఈ వీధి ఆడవాళ్లే. అక్కడ ఎవరికి కుట్టను, కుందేళ్లకా?

మా ఆయన "పైవాళ్లతో మనకెందుకు" అంటూ అట్టపెట్టెల్లో గిన్నెలు సర్దడం మొదలుపెట్టాడు. ఆ మనిషిని చూస్తే ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం నీళ్లకని బయటికొస్తే, అత్త గునపంతో ఆ బండను పెళ్లగిస్తోంది.

"ఏంటత్తా ఇది?"

"వాగులో పారేస్తా. పీడా పోతుంది."

"పారేస్తే ఇల్లొస్తుందా? వాళ్లు చూసేశారుగా!"

గునపం వదిలేసి చతికిలబడింది. "ఇది ఇక్కడిది కాదే. మీ మామా నేనూ తెచ్చాం. వరదకి ఊడి వాగొడ్డున దాని గుంత పక్కనే పడుంది. నున్నగా ఉంది, ఉతుక్కోడానికి బాగుంటుందని తోపుడు బండి మీద వేసుకొచ్చాం. అంకె కనబడకుండా బోర్లించాం."

"మరి ఆ మాట వాళ్లతో చెప్పవేం?"

"హద్దురాయి కదిపితే జైలట. ఈ వయసులో జైల్లో కూర్చోనా?"

"నువ్వు జైల్లో కూర్చోకపోతే మేమంతా రోడ్డు మీద కూర్చోవాలి!" అని అరిచి, చెయ్యి పట్టుకుని సర్వే వాళ్ల డేరాకు లాక్కుపోయాను.

పెద్ద సర్వేయరమ్మ అన్నం తింటోంది. మా అత్త జరిగిందంతా చెప్పి, రెండు చేతులూ చాపింది. "సంకెళ్లు వెయ్యండమ్మా. ఇల్లు మాత్రం వదిలెయ్యండి."

ఆవిడ నవ్వలేదు. "రాయి ముందు ఇక్కడ లేదని అందరూ అంటారు పెద్దమ్మా. కానీ రాయి పాతేటప్పుడు గుంతలో బొగ్గు పోస్తారు. బొగ్గు కుళ్లదు. ఎక్కణ్ణుంచి తెచ్చారో చూపించండి. అడుగున బొగ్గుంటే మీ మాట నిజం."

మా ఇంటి వెనక అడవివైపున్న వాగు దగ్గరికెళ్లాక అత్త బిక్కమొహం వేసింది. వాగు ఎప్పుడో దారి మార్చుకుంది. ఇక్కడంది, తవ్వితే బురద. అక్కడంది, తవ్వితే గులకరాళ్లు. సర్వేయరమ్మ గడియారం చూసుకుంది.

ఇంతలో అత్త గట్టుకేసి నడిచి, ఏటవాలు మొదట్లో ఆగింది. "బండి ఇక్కడే మొరాయించింది. రాయి ఎత్తగానే, నాలుగడుగులైనా వెయ్యకుండానే. మీ మామ ఇక్కడే నన్ను తిట్టాడు. బతుకంతా ఆయన తిట్టింది ఆ ఒక్కసారే, ఎలా మర్చిపోతా? ఈ పక్కనే తవ్వండి."

తవ్వారు. మట్టి, మళ్లీ మట్టి. ఆ తర్వాత పారకు నల్లగా అంటుకుంది.

సర్వేయరమ్మ ఆ నలుపును వేళ్ల మధ్య నలిపి చూసింది. "బొగ్గే! మీ ఇల్లు హద్దుకి బయటే ఉంది పెద్దమ్మా. గోడ మీద గుర్తు నేనే చెరిపిస్తా."

"మరి జైలు?"

"వరదకి పడిన రాయిని మోసుకెళ్లినందుకా? మళ్లీ తెచ్చి ఇక్కడ పెట్టించండి, చాలు."

పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. అత్త మాత్రం గుంత పక్కనే కూలబడి, బొగ్గుముక్క ఒకటి అరచేతిలో పెట్టుకుని చూస్తోంది.

"తిట్టాడని ఆయనతో వారం మాట్లాడలేదే నేను," అంది. "ఆ తిట్టే ఇవాళ కొంప నిలబెట్టింది."

చెయ్యి అందించాను. "పదత్తా, ఇంటికి పోదాం."

ఆ మాట అనగలిగినందుకే నాకు ఏడుపు ఆగలేదు.