ఎక్స్‌రేకి సీటు దొరికింది

గెడ్డవలస రోడ్డు స్టేషన్ గెడ్డవలసలో ఉండదు. పేరు చివర రోడ్డు తగిలించుకున్న స్టేషన్ ఏదీ ఆ ఊళ్ళో ఉండదని ఈ చుట్టుపక్కల పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఊరికెళ్ళే రోడ్డు అక్కడ మొదలవుతుందని మాత్రమే దాని భావం. అందుకే స్టేషన్ని ఆనుకుని కొత్త బస్టాండు కట్టి, ఇకమీదట రైలు దిగినవాళ్ళు దిగినట్టే బస్సెక్కేయొచ్చని మైకులో చెప్పిన రోజున అరుణశ్రీ కూడా చప్పట్లు కొట్టింది. వెనక్కి తీసుకునే వీలుంటే ఆ చప్పట్లు ఎప్పుడో తీసేసుకునేది.

రైలువాళ్ళ స్థలానికీ బస్సులవాళ్ళ స్థలానికీ మధ్య గోడ ఉంది. గోడకి గేటుంది. గేటుకి తాళం ఉంది. తాళంచెవి గంగరాజు మొలతాడుకుంది. లేనిదల్లా ఆర్డరు.

"గేటు తియ్యమని నాకు కాయితం రాలేదమ్మా," అంటాడు కాపలా గంగరాజు, గేటుకి బస్టాండు వైపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని. "కాయితం వస్తే నిమిషంలో తీసెత్తాను. నాకేటి సరదావా?"

ఆ కాయితం వచ్చేదాకా అందరూ వంతెన మెట్లెక్కి అవతల దిగాల్సిందే. లిఫ్టు కూడా పెట్టారు. దాని తలుపు ముందు ఎవరో మందారం కుండీ పెట్టారు. ఆ స్టేషన్లో పైకి వెళ్తున్నది ఆ మందారం ఒక్కటే.

బస్సు మాత్రం గోడని ఒరుసుకునే ఆగుతుంది. ప్లాట్‌ఫారం మీంచి చెయ్యి చాపితే కిటికీ అందుతుంది. కనక జనం తమ ఉపాయం తాము చూసుకున్నారు. రైలు దిగుతూనే గోడ దగ్గరికి పరిగెత్తి, తువ్వాలో చేతిరుమాలో కిటికీలోంచి సీటు మీదకి విసిరి, అప్పుడు వంతెనకేసి పరిగెడతారు. పొలంగట్టు రాత్రికి రాత్రి జరిపేసేవాడు కూడా బస్సులో పక్కవాడి తువ్వాలుని అంగుళం జరపడు. మనుషులు నిలబడతారు, తువ్వాలు కూర్చుంటుంది. డిగ్రీ చదివిన అరుణశ్రీకి ఈ పద్ధతి నామోషీగా ఉండేది. అత్తగారి మోకాళ్ళు పాడయ్యేదాకా.

అత్తగారు కూర్మమ్మ. ఎముకల డాక్టరు విశాఖపట్నం నుంచి సాలూరుకి బుధవారం బుధవారం వస్తాడు. లారీల ఊరు కాబట్టి అక్కడ ఎముకలకి గిరాకీ. మధ్యాహ్నం కాకుండానే సంచీ సర్దుకుని వెళ్ళిపోతాడు. మోకాళ్ళు కోస్తారో కొయ్యరో తెలీక ముసలావిడకి నిద్ర పట్టి ఎన్నాళ్ళో అయింది. రెండు బుధవారాలు వచ్చారు. రెండుసార్లూ ఆవిడ వంతెన మీదుండగానే కింద బస్సు కదిలిపోయింది. ఈ బుధవారం తప్పితే దసరా వెళ్ళేదాకా డాక్టరు రాడట.

రైలు దిగగానే చేపల చిన్నతల్లి తన గిన్నె నెత్తినెత్తుకుని, వీళ్ళని దాటుకుంటూ, "బేగి రాయే పెద్దమ్మా!" అని కేకేసి వంతెనెక్కేసింది. వీళ్ళింటికి వారంవారం చేపలు తెచ్చే మనిషి.

"బేగొచ్చే కాళ్ళయితే డాక్టరెందుకే?" అంది కూర్మమ్మ.

ఈసారి అరుణశ్రీ గోడ దగ్గరికే పరిగెత్తింది. తీరా చూస్తే చేతిలో తువ్వాలు లేదు, రుమాలు లేదు. ఉన్నది ఎక్స్‌రే కవరు. ముందు సీటు ఖాళీగా కనిపిస్తోంది. పక్కన ఎవరో మనిషి అప్పటికే తువ్వాలు మడత విప్పుతున్నాడు. ఇంకేం ఆలోచించలేదు. కవరు కిటికీలోంచి సీటు మీదకి విసిరేసింది.

తరవాత సంగతి మామూలే. కూర్మమ్మ ఒక మెట్టు, ఒక దేవుడి పేరు చొప్పున ఎక్కింది. అరసవల్లి సూర్యనారాయణమూర్తి దగ్గర మొదలుపెట్టి శ్రీకూర్మం, సింహాచలం అయిపోయి గ్రామదేవతల్లోకి దిగేసరికి కింద బస్సు కదిలింది.

"అత్తా, ఎక్స్‌రే!" అంది అరుణశ్రీ, రెయిలింగు పట్టుకుని.

"ఏటి?"

"సీటు కోసం ఎక్స్‌రే వేశాను. వెళ్ళిపోయింది."

కూర్మమ్మ బస్సుకేసి చూసింది, కోడలికేసి చూసింది. "కాలేజీలో సదివించినారని సెప్పినారు గదే మీవోళ్ళు," అంది.

అరుణశ్రీ చిన్నతల్లికి ఫోను చేసింది. "చిన్నతల్లీ, మాకు బస్సందలేదు. ముందు సీట్లో గోధుమరంగు కవరుంది చూడు..."

"సూడకేటమ్మా! దర్జాగా కూకున్నాది. ఒక మాస్టారు దాని మీద కూకోబోయినాడు. ఓలి బాబో, ముసలమ్మ మోకాళ్ళవి, వాటి మీద కూకుంతావేటి అన్నాను. ఇప్పుడు నిలబడి వస్తన్నాడు."

"దానికి సీటెందుకే, మేమిక్కడుంటే!"

"మీరెనకాల బస్సుకి రండి. నా సేపలు పెట్టుకునేది డాక్టరు గుమ్మం ముందరే గదా. కవరుని ఆయన కాడ కుర్సీలో ఎట్టీసి ఉంచుతాను. మీ లైనెక్కడికి పోద్ది?"

వెనకాల బస్సు తాపీగా వచ్చింది. దారిలో ప్రతి మలుపులోనూ ఆగింది. ఒకచోట మేకని ఎక్కించుకోవాలా వద్దా అని కండక్టరూ మేకగలాయనా మాట్లాడుకున్నంతసేపూ అరుణశ్రీ పళ్ళు నూరుకుంటూ కూర్చుంది. మేక ఎక్కింది.

సాలూరులో డాక్టరు గది ముందు కుర్చీల వరస ఖాళీ. కవరు లేదు. అరుణశ్రీ కుర్చీల కిందకి కూడా వంగి చూసింది. గుమ్మం బయట చేపల మీద నీళ్ళు జల్లుతున్న చిన్నతల్లి తల తిప్పకుండానే, "వొంతొచ్చినాది, లోపలికెల్లినాది," అంది.

లోపల డాక్టరు సంచీ భుజానికేసుకుని నిలబడే ఉన్నాడు. "ఈ ఎక్స్‌రే వచ్చి చాలాసేపైంది. మనిషేదంటే ఎనకాల బస్సులో వస్తాదంటున్నారు," అని విసుక్కున్నాడు. విసుక్కుంటూనే సంచీ దింపి కూర్మమ్మ మోకాళ్ళు వంచి చూశాడు, నొక్కి చూశాడు. "ఇప్పుడే కొయ్యక్కర్లేదు. మందులు వాడండి. మెట్లు మాత్రం ఎక్కకూడదు. ఒక్కటి కూడా."

"మాయింట్లో మెట్లే లేవు బాబూ!" అంది కూర్మమ్మ. ఎన్నాళ్ళకో నవ్వింది. ఆ నవ్వు సగంలో ఉండగానే కోడలి మొహం చూసింది. ఇద్దరికీ వంతెన గుర్తొచ్చింది.

సాయంత్రం గెడ్డవలస రోడ్డులో బస్సు దిగి అరుణశ్రీ నేరుగా గంగరాజు కుర్చీ దగ్గరికి వెళ్ళింది. మందుల చీటీ ముందు పెట్టింది.

"కాయితం వచ్చింది గంగరాజూ."

గంగరాజు చీటీని నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు. డాక్టరు రాత ఎటు తిప్పినా ఒక్కలాగే ఉంది. కింద స్టాంపు మాత్రం గుండ్రంగా, నీలంగా, స్పష్టంగా ఉంది. స్టాంపు చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఏటి రాసినారు?"

"ఈవిడ మెట్లెక్కకూడదని. మెట్లు లేని దారి ఒక్కటే ఉంది. నీ వెనకాల."

"స్టాంపుందిలే," అన్నాడు గంగరాజు ఆలోచించి. "రేపు పైవోళ్ళు అడిగితే నాను సూపించొద్దా? ఇది నా కాడ ఉండాల."

"మరి మందులెలా కొనాలి?"

"అయితే జిరాక్సియ్యండి."

"జిరాక్సెక్కడ?"

గంగరాజు గేటు ఊచల్లోంచి వేలు చూపించాడు. కొట్టు రైలు వైపుంది.

అరుణశ్రీకి అనాల్సిన మాటలు చాలా ఉన్నాయి గాని ఒక్కటీ ఆడవాళ్ళు బస్టాండులో అనేది కాదు. అత్తగారిని గంగరాజు కుర్చీలోనే కూర్చోబెట్టి, వంతెనెక్కి దిగి, జిరాక్సు తీయించి, రైలు వైపునుంచి గేటు ఊచల్లోంచి అందించింది. గంగరాజు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మొలతాడుకున్న తాళంచెవి తీసి తిప్పాడు. తిరగలేదు. ప్రారంభోత్సవం నాటి తుప్పు. అటుపక్క సిగ్నలు పడింది.

కూర్మమ్మ తన చేతిసంచీలోంచి నొప్పులనూనె సీసా తీసింది. "రాయి నాయినా. నా కాళ్ళకి పనిసెయ్యలేదు, దీనికేనా సేస్తాదేమో."

చేసింది. గేటు కిర్రుమంది. అంతే, బస్టాండులో ఉన్న జనమంతా మూటలతో, పిల్లలతో, బిందెలతో ఒక్కసారిగా మీదపడ్డారు. "పర్మిషను ముసలమ్మ ఒక్కర్తికే!" అని గంగరాజు గోల పెడుతూనే గోడకి అతుక్కుపోయాడు. అందరూ దాటాక చివర్లో, ఒక్క మెట్టూ ఎక్కకుండా, కూర్మమ్మ నడిచింది.

"మళ్ళీ వొచ్చినప్పుడు కొత్త కాయితం తేవాల!" అన్నాడు గంగరాజు తాళం వేస్తూ.

అరుణశ్రీ బుద్ధిగా తలూపింది. ఇందాక జిరాక్సు కొట్టువాడు ఎన్ని అంటే ఆమె ఒకటి అనలేదు. ప్లాట్‌ఫారం బెంచీ మీద చేతికర్రతో కూర్చున్న ముసలాయన చేతిలో ఒకటి పెట్టింది. చంటిపిల్లతో, సూట్‌కేసుతో నిలబడ్డ అమ్మాయికి ఇంకొకటిచ్చింది. "పేరెవరూ చదవలేరు. స్టాంపు చూపించండి చాలు," అంది.

అప్పటికి రైలు నిండిపోయింది. వీళ్ళెక్కేసరికి కిటికీ పక్క సీట్లో మనిషెవరూ లేరు, ఎర్రగళ్ళ తువ్వాలొకటి కూర్చునుంది. కూర్మమ్మ దానికేసి చాలాసేపు చూసింది.

"ఒసే అరుణా," అంది ఊచ పట్టుకుని, "ఆ కవరేదో ఈ కిటికీలోంచి కూడా ముందే ఇసిరీసుంటే బాగుణ్ణు."