ఇద్దరికీ చాలని కరెంటు

థామస్ ఒక చొక్కా కొనాలన్నా నాలుగు దుకాణాలు తిరిగి, మళ్లీ మొదటి దుకాణానికే వచ్చి, అక్కడా కొనకుండా ఇంటికి పోయే రకం. అలాంటి మనిషి కంప్యూటర్ కొనడానికి బయల్దేరితే ఇక చెప్పేదేముంది! ఎండాకాలం మొదలైనప్పటి నుంచీ అదే ధ్యాస. అన్నం తింటూ, బట్టలు ఆరేస్తూ, ఆఖరికి తల్లికి మందు బిళ్లలు తీసిస్తూ కూడా ఫోన్‌లో కొత్త ప్రాసెసర్ల వీడియోలే. ఏది ఎంత వేగం, ఏది ఎంత కరెంటు తాగుతుంది, ఏది ఎంత వేడెక్కుతుంది అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

అది వట్టి పిచ్చి అనుకుంటే పొరపాటే. కృష్ణానగర్‌లో వాళ్లుండేది రెండు గదుల వాటా. లోపలి గదిలో తల్లి తెరెసా. ఆమె ఊపిరితిత్తులు బాగా పాడైపోయాయి, పగలూ రాత్రీ ముక్కుకి సన్నటి గొట్టం పెట్టుకుని ఆక్సిజన్ మిషన్ పక్కనే ఉండాలి. ముందు గదిలో థామస్ బతుకుతెరువు. సినిమాలో హీరో గాల్లోకి ఎగిరినప్పుడు అతని వీపుకు కట్టిన తాళ్లను తెర మీద కనిపించకుండా చెరిపేసేది, పేలని బాంబుకి మంటలు పెట్టేది ఇలాంటి వాళ్లే. చేసిన పనంతా చివర్లో కంప్యూటర్ గంటల తరబడి ఏకబిగిన వండి బయటికి తీయాలి. దాన్ని రెండర్ అంటారు. మధ్యలో కరెంటు పోయిందా, మళ్లీ మొదటికి రావలసిందే. అందుకని ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఇన్వర్టర్ మీదే అమ్మ మిషనూ, కొడుకు కంప్యూటరూ రెండూ బతకాలి. పాత కంప్యూటర్ ఉన్నన్నాళ్లు ఎలాగో సర్దుకున్నాయి.

భిక్షం దుకాణం అదే సందు చివర. కృష్ణానగర్‌లో సగం కంప్యూటర్లు అతను బిగించినవే.

"గీ చిన్న ప్రాసెసర్ తీస్కో అన్నా, మంచిదే, కరెంటు తక్కువ తాగుతది," అన్నాడు భిక్షం. "గని గా పెద్దది ఉన్నది సూడు, గదైతే పిచ్చి స్పీడు. మీ సిన్మావోళ్లంత గదే పట్కపోతున్నరు."

"దాని కరెంటు సంగతేంటి?"

"డబ్బ మీద రాసింది నమ్మకు. ఫుల్లు పని పడ్డదనుకో, గా రాసినదానికి డబలు గుంజుతది."

"వేగంలో తేడా పదో వంతు కూడా లేదు కదా భిక్షం. పదో వంతు కోసం రెండింతల కరెంటా?"

"గా పదో వంతు తోనే గద అన్నా ఒకడు ముంగట పోయేది, ఒకడు ఎనకవడేది."

థామస్ నవ్వి, చిన్నదే తీసుకుంటానని చెప్పి వచ్చేశాడు. లెక్క సరిగ్గానే వేశాడు పాపం. ఆ మాట మీద నిలబడి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పని నాకు ఉండేది కాదు.

కాని జూబ్లీ హిల్స్‌లో పని పంచే స్టూడియో పద్ధతి వేరు. ఇంటి దగ్గర పనిచేసే వాళ్లందరికీ వాళ్లు ఒకే నమూనా సీను పంపుతారు. మీ కంప్యూటర్ దాన్ని ఎంతసేపట్లో వండిందో ఫొటో తీసి పంపాలి. ముందున్న వాళ్లకి పెద్ద సినిమాల షాట్లు, వెనకున్న వాళ్లకి చెరపడానికి మిగిలిపోయిన తాళ్లూ బొంగులూ. పనితనం ఎవరు చూడొచ్చారు, గడియారం చూస్తే సరిపోతుంటే! అక్కడ ఈ పంపకాలు చూసే మనోజ్ఞ మంచి అమ్మాయే, మాట కూడా మెత్తగానే ఉంటుంది.

"మీ వర్క్ చాలా నీట్‌గా ఉంటుంది థామస్ గారూ. కానీ టెస్ట్ టైమింగ్‌లో బాగా కిందకి వెళ్లిపోయారు. సిస్టమ్ అప్‌గ్రేడ్ చేస్తే బావుంటుందండీ," అంది ఫోన్‌లో.

అలా పెద్దదే ఇంటికొచ్చింది. అయితే మన థామస్ ఊరికే కొనలేదు, ఉపాయంతోనే కొన్నాడు. కొత్త ప్రాసెసర్లకి పరిమితి పెట్టొచ్చు. ఎంత పని పడినా ఇంతకు మించి కరెంటు తాగవద్దని సెట్టింగుల్లో కట్టడి చేస్తే, వేగం కొంచెమే తగ్గుతుంది, కరెంటు మాత్రం దాదాపు సగానికి దిగుతుంది. స్టూడియో పరీక్ష నడిచే కాసేపూ పరిమితి తీసేశాడు. పరీక్ష అవగానే మళ్లీ బిగించాడు. ఈ తెలివి అతనొక్కడిదే కాదు, ఆ సందుల్లో అందరూ చేస్తున్నదే. పోస్టర్ మీద ముఖానికీ అసలు ముఖానికీ తేడా ఉంటుందని తెలియని వాళ్లెవరున్నారక్కడ?

పరిమితి ఉన్నంతకాలం ఇన్వర్టర్ ఇద్దరినీ మోసింది. కరెంటు పోయినప్పుడు ఆ పక్క అమ్మ మిషను గుర్రుమంటూ, ఈ పక్క కంప్యూటరు బుసకొడుతూ దేని పని అది చూసుకునేవి. ఆ ధీమాతోనే మంచం పక్కనుండాల్సిన చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఖాళీ అయినా నింపించడం రేపటికీ ఎల్లుండికీ వాయిదా పడుతూ వచ్చింది.

తెరెసా సంగతి కూడా చెప్పాలి. గుంటూరు దగ్గర్నుంచి పెళ్లయి వచ్చిన ఆమె, భర్త పోయాక డబ్బింగ్ థియేటర్లలో గుంపు గొంతుగా బతికింది. సంతలో గోల కావాలన్నా, చావింట్లో ఏడుపు కావాలన్నా, పెళ్లిలో ముత్తయిదువల నవ్వులు కావాలన్నా నలుగురైదుగురు ఆడవాళ్లు మైకు చుట్టూ నిలబడి గొంతులు మార్చి మార్చి ఇచ్చేవారు. ఎర్ర లైటు వెలిగిందంటే గొంతులో గరగర వచ్చినా మింగేయాలి, దగ్గు వచ్చినా చచ్చినట్టు ఆపుకోవాలి. ఒక్కరు దగ్గితే అందరి కష్టం బూడిదలో పోసినట్టే. "నా వల్ల ఒక్క టేకు కూడా పాడవలేదురా, కావాలంటే ఎవర్నైనా అడుగు," అని ఈ వయసులో కూడా గొప్పలు పోయేది. ఎవర్ని అడుగుతాం, ఆ థియేటర్లే సగం మూతపడ్డాయి!

వేసవి ముగింపులో ఒక పెద్ద సినిమా విడుదల తరుముకొచ్చింది. కోట తగలబడే షాట్లన్నీ థామస్‌కే వచ్చాయి. పరీక్షలో ముందున్నాడు మరి. ఆ రోజు మధ్యాహ్నం మనోజ్ఞ ఫోన్ చేసింది.

"లాస్ట్ షాట్ ఈవినింగ్‌కి కావాలి థామస్ గారూ. డైరెక్టర్ గారు మీరు ఇచ్చిన పాత షాట్లు ఫిల్మ్ నగర్‌లో బిగ్ స్క్రీన్ మీద చూస్తున్నారు, మిమ్మల్ని కూడా రమ్మన్నారు."

"ఈవినింగ్ అంటే కష్టం మేడమ్. రాత్రికి ఇస్తాను."

"అదేంటండీ, మీ టెస్ట్ టైమింగ్ ప్రకారం ఈజీగా అయిపోవాలి కదా? కాదంటే ఇప్పుడే చెప్పండి, వేరే వాళ్లకి షిఫ్ట్ చేసేస్తాను. మళ్లీ నేను మాట పడాలి."

తాను చూపించిన వేగమే తన మెడకు చుట్టుకుంది. నేను చూపించింది దొంగ లెక్క మేడమ్ అని ఏ నోటితో చెప్తాడు? "వద్దండీ, ఇస్తాను. ఇది పోతే నాకిక పని ఉండదు," అన్నాడు. గోడ అవతల మంచం మీద తెరెసా జపమాల తిప్పుతూ ఆ మాట వింది.

థామస్ సెట్టింగులు తెరిచాడు. కరెంటు పోవచ్చు, పోకపోవచ్చు. పోయినా పది నిమిషాల్లో వస్తుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. భయం వేసింది. ఆ భయాన్ని పక్కకి నెట్టి పరిమితి తీసేసి రెండర్ మొదలుపెట్టాడు. ఫ్యాన్లు హోరెత్తాయి.

తల్లి దగ్గరికి వెళ్లి నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, నేను లేనప్పుడు కరెంటు పోతే ఇన్వర్టర్ కుయ్యిమని అరుస్తుంది. రెండిటినీ మోయలేదది. అరవగానే వచ్చి నా టేబుల్ పక్కన ఎర్ర స్విచ్ ఉంది చూడు, అది తీసెయ్. కంప్యూటర్ ఆగిపోతుంది. నీ మిషను మాత్రం ముట్టుకోకు."

"మరి నీ పనో?"

"మళ్లీ మొదట్నించి పెట్టుకుంటాను."

"సాయంత్రానికి ఇవ్వాలన్నావుగా నాన్నా?"

"అది నేను చూసుకుంటాలే అమ్మా. నువ్వు మాత్రం స్విచ్ తీసెయ్యి. సరేనా?"

"సరేలే, వెళ్లిరా. గొడుగు తీసుకెళ్లు, మబ్బు పట్టింది."

ఫిల్మ్ నగర్‌లో పెద్ద తెర మీద థామస్ పెట్టిన మంటలు చూసి డైరెక్టర్ తలూపాడు. అంతలోనే బయట గాలి లేచింది. హోర్డింగుల రేకులు కొట్టుకున్నాయి, ఎక్కడో కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి, కొండ మీది ఇళ్లలో దీపాలన్నీ ఒక్కసారిగా పోయాయి. థామస్ బయటికి పరిగెత్తాడు. మెట్ల మీద నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

"కరెంటు పోయిందా అమ్మా?"

"ఇందాకే పోయిందిరా. ఆ డబ్బా ఒకటే కేకలు. నీ కంప్యూటర్ ఆపేశాను."

"ఎర్ర స్విచ్చేనా?"

"ఎర్రదే. నేనేం చంటిపిల్లనా? వానలో పడి పరిగెత్తుకు రాకు, జారిపడతావు."

గొంతు మామూలుగానే ఉంది. ఎప్పటిలాగే కాస్త విసుగు, కాస్త ముద్దు. జీవితమంతా కావలసిన గొంతు అడిగిన క్షణంలో ఇచ్చిన మనిషి ఆమె. కన్నకొడుకే ఆ సంగతి మర్చిపోయాడు. అప్పుడు అతనికి కలిగింది ఊరట మాత్రమే కాదు, నిజం చెప్పొద్దూ, చిరాకు కూడా. సగానికి పైగా అయిన పని పోయింది కదా అని. మనోజ్ఞతో షాట్ రాదని చెప్పి, ఆమె ఎవరెవరికో ఫోన్లు చేసేదాకా అక్కడే తలదించుకుని నిలబడ్డాడు. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర బళ్లన్నీ ఇరుక్కుపోయి ఉంటే ఒక టీ కొట్టు పరదా కింద ఆగి టీ కూడా తాగాడు. ఇంట్లో తొందరపడాల్సిందేమీ లేదనుకున్నాడు.

సందులోకి తిరిగేసరికి కృష్ణానగర్ ఇంకా చీకట్లోనే ఉంది. మెట్లెక్కుతుంటే పైనుంచి హోరు వినిపించింది. ఫ్యాన్ల హోరు. ఆగిపోయిందన్న కంప్యూటర్ నిండు బలంతో తిరుగుతోంది.

తలుపు తోశాడు. తెర వెలుగు గదంతా పరుచుకుని ఉంది. తెర మీద కోట తగలబడుతోంది, పని ఎంతయిందో చూపే కింది గీత దాదాపు చివరికొచ్చింది. ఎర్ర స్విచ్ ఎలా ఉన్నది అలాగే ఉంది. ఇన్వర్టర్ చప్పుడు చేయడం లేదు, దానికి మోయలేని బరువేమీ లేదు. లోపలి గది గోడ మీద ఆక్సిజన్ మిషన్ స్విచ్ తీసేసి ఉంది. తెరెసా మంచం దిగి, గొట్టం తీసి మడిచి దిండు మీద పెట్టి, వచ్చి కొడుకు కుర్చీలో కూర్చుంది. ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాసినట్టు ఒక చెయ్యి టేబుల్ మీద ఉంది. తల పక్కకి వాలిపోయింది.

"అమ్మా! అమ్మా!"

మిషన్ వేశాడు. అంతే, ఇన్వర్టర్ కుయ్యోమని అరిచింది. ఎర్ర స్విచ్ ఒక్క గుద్దు గుద్దాడు, తెర నల్లబడింది. ఆ చీకట్లో గొట్టం ఆమె ముక్కుకి పెట్టి, వీపు రుద్దుతూ, చేతులు రుద్దుతూ పిలుస్తూనే ఉన్నాడు. కింద వాటా రాజమ్మ ఆ కేకలకే పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో బిడ్డా, పానం ఎప్పుడో పోయినట్టున్నది," అంది చెయ్యి పట్టి చూసి.

ఊపిరి చాలనప్పుడు ముందు మగతే వస్తుందని, అది నిద్రలాగే ఉంటుందని, లేచి మళ్లీ స్విచ్ వేసుకోవాలన్న తెలివి కూడా ఉండదని డాక్టర్ తర్వాత చెప్పాడు. కాసేపు ఓర్చుకుంటే కరెంటు వచ్చేస్తుందనుకుని ఉంటుంది తల్లి. స్నానానికి వెళ్లినప్పుడు గొట్టం తీసి ఉండగలిగేది కదా, అదే ధైర్యం. కొడుకు టేకు పాడవకూడదనుకుంది. ఆ టేకుని ఆఖరి క్షణంలో కొడుకే పాడుచేశాడు. షాట్ ఇంకెవరో ఇచ్చారు, సినిమా అనుకున్న రోజుకే విడుదలైంది.

సమాధి దగ్గర పాత డబ్బింగ్ ఆడవాళ్లు కొందరు నిలబడ్డారు. సినిమాల్లో అంతమంది చావులకు ఏడ్చిన వాళ్లకి ఆ రోజు గొంతు పెగల్లేదు. ఇన్వర్టర్ బలం, ప్రాసెసర్ ఆకలి, అమ్మ మిషన్ అవసరం, అన్నీ వాట్లలో కూడి తీసి లెక్కవేసిన థామస్, అమ్మ ఏం చేస్తుందన్నది మాత్రం లెక్కలో వేసుకోలేదు. ఆ తప్పు అతన్ని లోపల్నుంచి కొరుక్కు తింటోంది.

కొన్నాళ్లకి మనోజ్ఞ ఫోన్ చేసింది. చాలా బాధపడింది, నిజంగానే బాధపడింది. చివర్లో, "మీకు వీలైనప్పుడే థామస్ గారూ, ఒక చిన్న షాట్ ఉంది," అంది.

ఆక్సిజన్ మిషన్‌ని అప్పటికే ఎవరో రోగి తాలూకు వాళ్లు పట్టుకెళ్లారు. గోడ దగ్గర ఖాళీ. థామస్ కంప్యూటర్ వేసి, అలవాటు కొద్దీ సెట్టింగులు తెరిచాడు. ఆ రోజు తీసేసిన పరిమితి తీసేసినట్టే ఉంది. మళ్లీ పెడదామని అంకె కొట్టబోయి, మనసులో ఎప్పటిలాగే కూడిక మొదలుపెట్టాడు. ఇన్వర్టర్ మోయగలిగినంతలోంచి అమ్మ మిషన్‌ది తీసేయాలి. తీసేయడానికి ఏమీ లేదు. ప్రాసెసర్ ఎంత అడిగితే అంత ఇవ్వొచ్చు, కరెంటు పోయినా ఇన్వర్టర్ అరవదు. ఇన్ని నెలలుగా ఎటు తిప్పినా కుదరని లెక్క ఇప్పుడు చక్కగా కుదిరింది.

థామస్ కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఏడ్చి, ముఖం కడుక్కొచ్చి, పరిమితి పెట్టకుండానే పని మొదలుపెట్టాడు.